మూడు మిల్లీగ్రాముల సీసం

సీసం అంటే నాకు తెలిసింది స్కూల్లో బట్టీ పట్టిన సీసపద్యం ఒక్కటే. పెన్సిల్లో ఉండేది కూడా సీసమే అనుకునేవాణ్ణి. కాదట, అది గ్రాఫైట్ అట. ఈ సంగతి నలభై రెండేళ్ల వయసులో, రక్తం ఇచ్చి చేతికి దూది ఒత్తుకుని కూర్చున్నప్పుడు, డాక్టరమ్మ చెబితే తెలిసింది. అప్పటికి చాలా నెలలుగా నేను కడుపునొప్పి మనిషిని, కోపిష్టి మనిషిని, డిప్రెషన్‌కి మందులేసుకునే మనిషిని. మూడింటికీ మూలం ఒకటే అయ్యుండొచ్చని, అది నెత్తుట్లో ఉందని, కొలిచి ఇంత అని అంకె చెప్పొచ్చని నాకు గానీ నన్ను చూసిన వాళ్లకి గానీ తట్టలేదు.

మొదలంతా తలుపులతో. తాతగారి పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుపోయారు, నేను తలుపులు తెచ్చుకున్నాను. రెండు రెక్కలవి, నాలుగు జతలు. నాకు చెక్కపని అంటే పిచ్చి. ఉద్యోగం కంప్యూటర్ ముందు కాబట్టి శని ఆదివారాలు చేత్తో ఏదో ఒకటి చేయకపోతే తోచదు. ఆ తలుపుల మీద అరవై డెబ్భై ఏళ్ల పెయింటు, పొర మీద పొర. అదంతా గీకేసి లోపలి చెక్కని చూడాలని నా కోరిక. ఇంటి వెనక సామాన్ల గదిలో, చప్పుడు ఎవరికీ ఇబ్బంది కాకూడదని కిటికీ మూసేసి, మొహానికి జేబురుమాలు కట్టుకుని, శాండర్ మెషిన్ పట్టుకుని మొదలుపెట్టాను.

రంగులు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఎంత బాగుండేదో చెప్పలేను. పైన గోధుమరంగు, దాని కింద ముదురు ఆకుపచ్చ, ఇంకా కిందికెళ్తే పసుపు, అట్టడుగున తెలుపు. మూలల్లో పెచ్చులు వాటంతటవే ఊడి వచ్చేవి, చిన్న పలకల్లాగా. పొడి మాత్రం మొహానికి రాసుకునే పౌడరంత మెత్తన. లైటు వెలుగులో మెల్లగా తిరుగుతూ దిగేది, కనుబొమ్మల మీద, చెవి మడతల్లో, చేతి వెంట్రుకల మీద. చెక్క గీతలు కనపడాలని నోటితో ఉఫ్ మని ఊదేవాణ్ణి. మధ్యలో టీ వస్తే చేతులు ప్యాంటుకి తుడుచుకుని తాగేసేవాణ్ణి. సాయంత్రం చీపురుతో ఊడ్చి, అవే బట్టలతో సోఫాలో కూలబడితే పాప వచ్చి ఒళ్లోకి ఎక్కేది. అప్పుడు దానికి మూడో ఏడు. నేను పని చేస్తుంటే గది బయట కూర్చుని, గడప మీద పేరుకున్న పొడిలో వేలితో సున్నాలు చుట్టేది. ముద్దొచ్చి ఫోన్లో ఫోటో కూడా తీశాను. ఆ ఫోటో ఇంకా ఉంది. తీసెయ్యలేదు, తెరిచి చూడనూ లేను.

మూడో నెలలో కడుపు మొదలైంది. గ్యాస్ అనుకున్నా. బట్ట పిండినట్టు లోపల మెలిపెట్టేది, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటే కాస్త నయం. దానికి తోడు మలబద్ధకం, నాలుగైదు రోజులు అలాగే. నోట్లో ఎప్పుడూ నాణెం చప్పరిస్తున్నట్టు రుచి. గ్యాస్ మాత్రలయ్యాయి, స్కానింగ్ అయింది, ఎండోస్కోపీ అయింది, అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చి నొప్పి మాత్రం పోకపోతే మనిషికి తన మీద తనకే అనుమానం వస్తుంది, పడ్డవాళ్లకి తెలుసు ఆ సంగతి.

నిజానికి కడుపు కన్నా నన్ను భయపెట్టింది తల. ఒకరోజు ఇనుప సామాన్ల షాపుకెళ్లాను, తలుపులకి కావాల్సినవి కొందామని. వస్తువు కళ్ల ముందు ఆడుతోంది, పేరు రావట్లేదు. "అదే, తలుపుకి బిగిస్తారు చూడండి, ఇలా తెరుచుకుంటుంది" అని రెండు అరచేతులూ కలిపి తెరిచి మూసి చూపించాను. "మడతబందులా సార్" అని నవ్వాడు షాపతను. నాకు నవ్వు రాలేదు. ఆఫీసులో పదిహేనేళ్లుగా కలిసి పనిచేస్తున్న మనిషి పేరు మీటింగు మధ్యలో జారిపోయింది. ఒకే మెయిల్ నాలుగుసార్లు చదివినా ఏముందో ఎక్కేది కాదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర లేదు, పొద్దున లేచేసరికి ఒళ్లంతా ఎవరో కొట్టినట్టు.

ఇక కోపం. నేను మరీ శాంతమూర్తినేం కాదు, కానీ ఇది వేరు. గ్లాసు చప్పుడైతే కోపం, ఫ్యాను చప్పుడైతే కోపం. ఒకరాత్రి పాప నీళ్లు ఒలికించిందని చేతిలో ఉన్న రిమోట్ గోడకేసి కొట్టాను. బ్యాటరీలు ఊడి మంచం కిందికి దొర్లాయి. పాప ఏడవలేదు, వెళ్లి కర్టెన్ వెనక నిలబడింది, కాళ్లు మాత్రం కింద కనపడుతున్నాయి. మా ఆవిడ నన్ను మీరు అంటుంది, బాగా కోపం వస్తేనే నువ్వు అంటుంది. ఆ రాత్రి పాపని పడుకోబెట్టి వచ్చి, "నువ్వు ఇలాంటి మనిషివి కాదు" అంది. అంతే అంది.

ఆ మర్నాడే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన్ని తప్పు పట్టను. నిద్ర లేదు, ఆసక్తి లేదు, ఏకాగ్రత లేదు, చిరాకు ఉంది, అలసట ఉంది, ఇవన్నీ చెబితే ఎవరైనా డిప్రెషన్ అనే అంటారు, నేనే డాక్టరునైనా అదే రాసేవాణ్ణి. గంట సేపు ఓపిగ్గా విన్నాడు, ఉద్యోగం గురించి, చిన్నతనం గురించి, నాన్నగారు పోవడం గురించి అడిగాడు. మందు రాశాడు, నిద్ర కొంచెం నయమైంది, మిగతాది అలాగే. తలుపులు గీకితే మనసు తేలికపడుతోందని చెబితే మంచి వ్యాపకం, కొనసాగించమన్నాడు. కొనసాగించాను.

ఈలోపు ఆఫీసు పని మీద మూడు వారాలు వేరే ఊళ్లో ఉండాల్సొచ్చింది. అక్కడ కడుపునొప్పి సగానికి సగం తగ్గింది, నోట్లో రుచి పోయింది, ఒకటి రెండు రాత్రులు తెల్లారేదాకా నిద్ర కూడా పట్టింది. తిరిగొచ్చి చెబితే బంధువుల్లో ఒకాయన, "చూశావా, ఇంటి టెన్షనే నీకు" అన్నాడు, మా ఆవిడ పక్కనే ఉండగా. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, అందుకు ఇప్పటికీ సిగ్గే. నిజంగానే ఇంట్లోనే ఉంది కారణం, కాకపోతే అది ఆమె కాదు, పొడి.

తిరిగొచ్చాక రెండు నెలల్లో చేతులు మొదలయ్యాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కష్టం, స్క్రూడ్రైవర్ పట్టు జారడం, వేళ్లలో తిమ్మిర్లు. మొహం పాలిపోయిందని అందరూ అంటే రక్తపరీక్ష చేయించాను, హిమోగ్లోబిన్ 9.6. ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆరు వారాలు వేసుకున్నా హిమోగ్లోబిన్ కదల్లేదు, మలబద్ధకం మాత్రం ఇంకా పెరిగింది. అప్పుడు ఎవరో రక్త సంబంధమైన జబ్బులు చూసే ఆవిడ దగ్గరికి వెళ్లమన్నారు.

ఆవిడ వయసులో నా కన్నా చాలా చిన్న. కాగితాలన్నీ తిరగేసి, "ఫెరిటిన్ బాగానే ఉందిగా, మరి ఐరన్ ఎందుకు వేసుకుంటున్నారు" అని అడిగింది. శరీరంలో ఇనుము నిల్వలు సరిపడా ఉన్నాయి, అయినా రక్తం తయారవట్లేదు, అంటే సరుకు ఉంది, వంట జరగట్లేదు. గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి తనే మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమంది. ఎర్రకణాలు గుండ్రంగా, లేత రంగులో, కొన్నిటి మీద ఎవరో పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నీలం నలుసులు. ఆ చుక్కలు వేరే రక్త జబ్బుల్లోనూ కనిపిస్తాయట, వాటిని బట్టే తేల్చేయలేం అంది. తర్వాత ప్రశ్నలు. భస్మాల మందులేమైనా వాడుతున్నారా, కళ్లకేమైనా పెట్టుకుంటారా, పాత బ్యాటరీలతో పనా, గ్లేజు పూసిన మట్టి పాత్రలున్నాయా. అన్నిటికీ లేదు లేదు అంటూ పోయాను. చివర్లో మామూలుగా, "ఖాళీ టైములో ఏం చేస్తుంటారు సార్?" అంది.

"తలుపులు గీకుతుంటాను" అన్నాను.

పెన్ను కింద పెట్టింది. "ఎన్నాళ్లనాటి తలుపులు?"

రిపోర్టు నాలుగో రోజు వచ్చింది. రక్తంలో సీసం డెసిలీటరుకు 64 మైక్రోగ్రాములు. 5 దాటితేనే అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాకు లెక్కలు చేసుకునే అలవాటు కాబట్టి ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఒంట్లో రక్తం దాదాపు ఐదు లీటర్లు, అంటే యాభై డెసిలీటర్లు, యాభై అరవై నాలుగులు మూడువేల రెండొందల మైక్రోగ్రాములు. మూడు మిల్లీగ్రాముల చిల్లర. చిటికెడు ఉప్పులో వందో వంతు. ఎముకల్లో ఇంకా చాలా ఉంటుందట, అది వేరే సంగతి, కానీ నా నెత్తుట్లో తిరుగుతూ నా కడుపుని మెలిపెట్టి, చేతుల్ని పడేసి, నాలుక మీంచి మాటలు ఎత్తుకుపోయి, కూతుర్ని కర్టెన్ వెనక నిలబెట్టింది అంత మాత్రం వస్తువు.

ఎలా చేస్తుందని అడిగితే డాక్టరమ్మ చాలా తేలిగ్గా చెప్పింది. సీసం కాల్షియం వేషం కడుతుంది. ఒంట్లో కాల్షియం ఎక్కడెక్కడ పనిచేస్తుందో, ఎముకల్లో, కండరాల్లో, నరాల చివర ఒక కణం ఇంకో కణానికి కబురు అందించే చోట, అక్కడల్లా తలుపు తెరుచుకుని ఇది లోపలికి పోతుంది, కానీ కాల్షియం చేసే పని చేయదు, కబుర్లు తారుమారు చేస్తుంది. ఇంకోపక్క హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం, హీమ్ అంటారు, అది తయారయ్యే దారిలో ఎంజైములకి అడ్డం పడుతుంది, అందుకే ఇనుము ఎంతున్నా హిమోగ్లోబిన్ లేవలేదు. కడుపునొప్పి, రక్తహీనత, మతిమరుపు, కోపం, ఇవన్నీ వేరు వేరు డాక్టర్ల వేరు వేరు గదుల్లో వేరు వేరు ఫైళ్లయ్యాయి గానీ లోపల దొంగ ఒక్కడే.

ఇది ఏదో కొత్తగా కనిపెట్టిన రోగం అనుకున్నా, కాదు. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1786లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం ఉంది, తను కుర్రవాడిగా అచ్చాఫీసులో పనిచేసేటప్పుడు సీసపు అచ్చక్షరాలని వేడి చేసి వాడేవాడట, చేతులు నొప్పి పుడుతుంటే పాతకాపు ఒకడు, అలా చేసినవాళ్లు కొందరికి చేతులు పడిపోయేదాకా వచ్చిందని హెచ్చరించాడట. ఇంత ఉపయోగపడే సంగతి తెలిసి కూడా ఆచరణలోకి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చూడమని ఉత్తరం చివర వాపోయాడు. ఆయన వాపోయిన తర్వాత కూడా ఏం జరిగిందంటే, 1921లో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు పెట్రోల్లో సీసం కలిపితే ఇంజన్ టకటకా కొట్టుకునే చప్పుడు (నాకింగ్) ఆగుతుందని కనిపెట్టాడు, తనే దాని విషం ఎక్కి కొన్నాళ్లు సెలవు పెట్టి ఊరుమారాడు కూడా, అయినా ప్రపంచమంతా ఆ పెట్రోలే పోసుకుంది. కార్ల కోసం దాన్ని అమ్మడం ఆపిన చివరి దేశం అల్జీరియా, 2021లో. సరిగ్గా నూరేళ్లు. పాత పెయింట్ల సంగతైతే, కొన్ని తెల్ల రంగుల్లో ఎండాక బరువులో సగం దాకా సీసమే ఉండేదట. ఇప్పుడు చాలా దేశాల్లో పెట్టుకున్న పరిమితి పది లక్షల వంతుల్లో 90 వంతులు. నా తలుపు పెచ్చులు ల్యాబుకి పంపితే 11 శాతం వచ్చింది. అంటే లక్షా పదివేల వంతులు. దాన్ని పొడి చేసి, గది తలుపేసుకుని, పీల్చాను. జేబురుమాలు ఆ పొడికి జల్లెడ కూడా కాదు.

పాప పరీక్ష గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా" అని డాక్టరమ్మ అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది గడప మీద సున్నాలు. తర్వాత ఆ వేలు ఎక్కడికెళ్తుందో గుర్తొచ్చింది. మూడేళ్ల పిల్లలు వేలు ఎక్కడ పెట్టుకుంటారు? నోట్లో. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందట. మా ఆవిడది 6 వచ్చింది. పాపది 11.

ఆ రాత్రి చదవకూడనివన్నీ చదివాను. హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరు 1979లో పిల్లల ఊడిన పాలపళ్లు పోగేసి వాటిలో సీసం కొలిచాడు. ఏ జబ్బూ కనపడని పిల్లలే, కానీ పళ్లలో సీసం ఎక్కువున్న వాళ్లకి తెలివితేటల పరీక్షల్లో మార్కులు తక్కువ, క్లాసులో ధ్యాస తక్కువ. అది చదివి మంచం మీద పడుకున్న పాప నోరు కొంచెం తెరుచుకుని ఉంటే చిన్న పళ్లు చూస్తూ కూర్చున్నాను. మర్నాడు డాక్టరమ్మ అక్షింతలు వేసింది. ఆ లెక్కలు వేలమంది పిల్లల మీద సగటు లెక్కలు, మీ ఒక్క పిల్ల జాతకం కాదు, 11కి మందు అవసరం లేదు, పొడి అందకుండా చేయండి, కాల్షియం, ఇనుము సరిగ్గా అందేలా తిండి పెట్టండి, మూడు నెలలకి మళ్లీ చూద్దాం అంది. మూడు నెలలకి 7. ఏడాదికి 4. ఇప్పుడు బడికెళ్తోంది, నోరు మూయదు. దేన్ని దాని స్వభావం అనుకోవాలో, దేన్ని ఆ పొడి తాలూకు అనుకోవాలో తెలియక కొన్నాళ్లు ప్రతి అల్లరికీ ఉలిక్కిపడేవాణ్ణి.

నాకు మాత్రం మందు కావాల్సొచ్చింది. ముందు ఇంట్లోంచి బయటికి రండి, తర్వాతే మందు, పొడిలో ఉంటూ వేసుకుంటే లాభం కన్నా నష్టమే అన్నారు. అత్తగారింటికి మారాం, బట్టలు, బొమ్మలు కూడా మా ఇంట్లోనే వదిలేసి. ఇల్లు శుభ్రం చేయడానికి మాస్కులు, సూట్లు వేసుకున్న వాళ్లొచ్చారు. చీపురు ముట్టొద్దన్నారు, ఊడిస్తే పొడి మళ్లీ గాల్లోకి లేస్తుంది. మామూలు వాక్యూమ్ కూడా అంతే, వెనక నుంచి సన్నపొడి ఊదేస్తుంది. సన్నపొడిని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న మెషిన్‌తో లాగి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ లాగి. సోఫా పారేశాం.

మందు పేరు సక్సిమర్. ఈ రకం వైద్యాన్ని కీలేషన్ అంటారు, గ్రీకులో పీత డెక్క అని అర్థమున్న మాట నుంచి వచ్చిందట, మందు అణువు పీత డెక్కల్లా సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి లాక్కుపోతుంది. ఐదు రోజులు రోజుకి మూడుసార్లు, పద్నాలుగు రోజులు రెండుసార్లు. వాసన ఉంటుంది చూడండి, కుళ్లిన గుడ్డు. డబ్బా మూత తీస్తే గది మొత్తం. నా చెమటలో అదే, నా మూత్రంలో అదే, పాప ముక్కు మూసుకుని "నాన్నా కంపు" అని పారిపోయేది, చాలా నెలల తర్వాత అది నా దగ్గర్నుంచి నవ్వుతూ పారిపోవడం అదే మొదటిసారి. మధ్యమధ్యలో లివర్, రక్తకణాల పరీక్షలు.

పంతొమ్మిది రోజుల తర్వాత 64 కాస్తా 19 అయింది. పండగ చేసుకున్నాం. మూడు వారాలకి మళ్లీ చూస్తే 31. కాళ్ల కింద నేల జారినట్టయింది, ఇంట్లో ఇంకా ఎక్కడో పొడి ఉందేమో అని. డాక్టరమ్మ మాత్రం ఎదురుచూసినట్టే ఉంది. రక్తం ఖాళీ అయ్యేసరికి ఎముకల్లో దాచుకున్నది మళ్లీ రక్తంలోకి దిగుతుందట. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో నూటికి తొంభై పాళ్లు పైనే ఎముకల్లో ఉంటుంది. రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి నెల పడితే ఎముకల్లోది తగ్గడానికి దశాబ్దాలు. ముసలితనంలో ఎముకలు పలచబడినప్పుడు కొంత మళ్లీ బయటికి రావచ్చు. అంటే తాతగారి తలుపులు నాతోనే ఉంటాయి అన్నమాట, నేను పోయేదాకా. రెండోసారి మందు అక్కర్లేకుండానే 31 నుంచి 24, 17 అలా దిగుతూ వచ్చింది.

బాగవడం ఒక వరసలో జరగలేదు. కడుపు ముందు బాగైంది, రెండు వారాల్లోనే. హిమోగ్లోబిన్ మూడు నెలల్లో 13కి వచ్చింది, ఐరన్ మాత్ర ఒక్కటీ లేకుండా. చేతుల పట్టు రావడానికి ఆరు నెలలు. మాటలు మెల్లగా, ఒక్కోసారి ఇప్పటికీ జారతాయి, అది సీసమో వయసో చెప్పలేను. డిప్రెషన్ మందు నాకు నేనుగా ఆపలేదు, ఆ డాక్టరుకే వెళ్లి రిపోర్టు చూపిస్తే, కాసేపు మాట్లాడకుండా చూసి, మోతాదు తగ్గించుకుంటూ నాలుగు నెలల్లో మాన్పించాడు. ఇప్పుడు వచ్చినవాళ్లని ఏం పని చేస్తారు, చేతులతో ఏం చేస్తారు అని కూడా అడుగుతున్నానని తర్వాత ఒకసారి చెప్పాడు.

కోపం సంగతే తేలలేదు. అది తగ్గింది, నిజం. కానీ "అది నేను కాదు, సీసం" అని మా ఆవిడతో అన్నప్పుడు ఆమె ఒప్పుకోలేదు. "సీసం రిమోట్ విసరదు, మీరే విసిరారు" అంది. కాసేపటికి, "ఇప్పుడు విసరట్లేదుగా" అని కూడా అంది. ఈ రెండు మాటల మధ్య ఎక్కడో ఉంది నిజం. విషం ఎక్కిన మెదడు నాదే, దాన్నుంచి వచ్చిన మాటలు నా నోటి నుంచే వచ్చాయి, విన్నవాళ్లు నా వాళ్లే. రక్తంలో అంకె తగ్గినంత తొందరగా అవి తగ్గవు. పాపకి క్షమాపణ చెప్పాను, దానికి ఆ రాత్రి గుర్తే లేదంది. గుర్తు లేదో, నన్ను బాధ పెట్టకూడదని అలా అందో, నాలుగేళ్ల పిల్లలకి అంత తెలుస్తుందో లేదో.

మధ్యలో ఇంకో దశ నడిచింది, దాని గురించి ఎవరూ రాయరు. భయం దశ. ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా వెనక సన్నక్షరాలు చదవడం, ప్లాస్టిక్ అన్నది కనపడితే పారేయడం, కొత్త కుర్చీ వాసనకి వాకిట్లో నిలబడటం, బయటికెళ్లొస్తే అందర్నీ తలుపు దగ్గరే ఆపి చేతులు కడిగించడం. రాత్రి మళ్లీ నిద్ర లేదు, ఈసారి సీసం వల్ల కాదు. డాక్టరమ్మ నా ప్రశ్నల జాబితా చూసి నవ్వి, "మీ రక్తంలో సీసం తగ్గుతోంది, భయం పెరుగుతోంది, దానికి నా దగ్గర పీత డెక్కలు లేవు" అంది. ఏ వస్తువు, ఎంత, ఏ దారిన లోపలికి పోతోంది, ఈ మూడూ చెప్పలేకపోతే దాని గురించి మీరు రాత్రి మేలుకోవాల్సిన పని లేదంది. ఆ మూడు ప్రశ్నలూ ఫ్రిజ్ మీద రాసి అంటించాను. సగం భయాలు అక్కడే ఆగిపోయాయి. ఆగని వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి: బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది, ఇది ఊహ కాదు. గాలి ఆడని గదిలో గ్యాస్ గీజరు కూడా ప్రమాదమే, అక్కడ భయం కార్బన్ మోనాక్సైడ్‌తో.

అందుకే విషాలు బయటికి తోసే టీలు, డీటాక్స్ ప్యాకేజీలు అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ విషం అని అడిగితే పేరు చెప్పరు. జబ్బేంటో తెలియక తిరుగుతున్న రోజుల్లో ఒక ఫ్రెండు పాదాలకి అంటించుకునే ప్యాడ్లు ఇచ్చాడు, పడుకునే ముందు అంటించుకుంటే తెల్లారేసరికి ఒంట్లో మలినాలు లాగి గోధుమరంగుకి మారతాయి. మారాయి కూడా, వారం రోజులు నమ్మాను. ఆరోగ్యం బాగయ్యాక ఒకటి మిగిలి ఉంటే ప్లేట్లో పెట్టి గోరువెచ్చటి నీళ్లు నాలుగు చుక్కలు వేశాను. పాదం లేదు, మనిషి లేడు, అదే గోధుమరంగు. తడి తగిలితే మారే రంగు అది. ఆ ప్యాడ్లు అంటించుకుని పడుకున్న వారం రోజులూ నా నెత్తుట్లో సీసం ఎక్కడిదక్కడే ఉంది. కొందరు డాక్టరు లేకుండానే కీలేషన్ చేయించుకుంటారట, ఈడీటీఏ అనే కీలేషన్ మందులో ఎక్కించాల్సిన రకం బదులు ఇంకో రకం ఎక్కించి రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఆ పని మాత్రం చేయకండి.

నా కథ తెలిసినవాళ్లు ఫోన్ చేసి, నాకూ నీరసం, నాకూ మతిమరుపు, నాది కూడా సీసమేనా అని అడుగుతుంటారు. చాలామందిది కాదు. థైరాయిడ్ కావచ్చు, షుగర్ కావచ్చు, బీ12 కావచ్చు, నిజంగా డిప్రెషనే కావచ్చు, అదీ జబ్బే. నేను అడిగేది ఒక్కటే, పాత పెయింటు గీకారా, బ్యాటరీలు విప్పారా, ఏదైనా కరిగించారా, ఊరు మారితే తగ్గుతోందా అని. అవును అంటే రక్తపరీక్ష చేయించుకోమంటాను, అది చాలా మామూలు పరీక్ష.

తలుపులు ఇంకా ఉన్నాయి. మూడు జతలు గీకనివి, ఒక జత సగం గీకింది. అమ్మేద్దామంటే కొన్నవాడు గీకుతాడు. కాల్చేద్దామంటే పొగలో సీసం. ఎవరికైనా ఊరికే ఇద్దామంటే వాళ్లింట్లోనూ పిల్లలుంటారు. ప్రమాదకరమైన చెత్త తీసుకునేవాళ్ల కోసం పేరు రాయించాను, వాళ్ల వంతు రావాలి. అప్పటిదాకా రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టి, టేపు వేసి, సామాన్ల గదిలో గోడకి ఆనించి తాళం వేశాం. మా ఆవిడ మార్కర్‌తో దాని మీద పెద్దక్షరాలతో "ముట్టుకోవద్దు" అని రాసింది. ఆ పక్కనే చిన్నక్షరాలతో "మీరు కూడా" అని రాసింది.